ఫ్లూటు ఎటువైపు?

ఫోను డబ్బాలో ఉచితంగా వచ్చే ఇయర్‌ఫోన్లు ఎవరి చెవుల్లోనైనా కనిపిస్తే మా ఫ్లూటు బాబాయ్ ఊరుకోలేడు. వాళ్ళు బస్సెక్కుతున్నా, లిఫ్టు దిగుతున్నా, పెళ్ళాంతో పోట్లాడుతున్నా సరే, ఆపి, "ముందు అవి తీసెయ్యండి" అంటాడు. అలాంటి మనిషిని ఫోన్లమ్మే దుకాణంలో కౌంటరు దగ్గర నిలబెట్టడం యజమాని చేసిన తప్పు. అక్కణ్ణించి ఆయన్ని దింపించడం నేను చేసిన తప్పు.

అప్పటికి ఆయన నాకు బాబాయ్ కాదు. నేను ఫోను కొనడానికి వెళ్ళి, "దీంతో ఇయర్‌ఫోన్లు ఫ్రీయే కదా?" అని అడిగాను.

"ఫ్రీయే. కిటికీకి తీగ పాకించుకోడానికి బాగుంటాయి."

"పాటలు వినడానికి పనికిరావా?"

"పాట వినపడుతుంది బాబూ. పై వాటావాళ్ళ గొడవ మనకి వినపడదూ? అలాగ. ఎవరో ఏదో అంటున్నారని తెలుస్తుంది, అంతే."

అక్కడితో ఆగినా బాగుండేది. పాత ఫోనులోంచి పాటలు కొత్తదాంట్లోకి ఎక్కిస్తానని తీసుకుని, ఒకసారి చూసి గుండె పట్టుకున్నాడు. "నూట ఇరవై ఎనిమిదా!" ఎంపీత్రీ చేసేటప్పుడు పాటని ఎంత నలిపి కుక్కారో చెప్పే అంకె అది. అంకె ఎంత తగ్గితే పాటలోంచి అంత సరుకు తీసి పారేశారన్నమాట. "చెరుకు పిండి, రసం పారబోసి, పిప్పి దాచుకున్నావా నాయనా! నలపని ఫైలుంటుంది, ఫ్లాక్ అంటారు. అది విన్నావంటే..."

నా వెనక నిలబడ్డ నలుగురూ నవ్వారు.

ఆ రోజుల్లో లోకమంతా నన్ను చూసే నవ్వుతోందని నా నమ్మకం. కాలేజీ మధ్యలో మానేసి, పాతపుస్తకాల దుకాణంలో నిలబడి చదువుకున్నవాణ్ణి. రాయడానికి భాష బోలెడుంది, చదివే నాథుడే లేడు. ఇంటికెళ్ళి దుకాణం యజమానికి మూడు పేజీల ఫిర్యాదు రాశాను. వారం తిరక్కుండా ఆయన్ని వెనకవైపు కిటికీ లేని రిపేరు గదిలోకి మార్చారు.

మూడు నెలల తర్వాత నా ఫోను చార్జింగ్ ఎక్కడం మానేసింది. దుకాణంలో ఆ గదికే పంపారు. తలుపు తీశాను. బల్లకి పైన గోడకి, స్క్రూడ్రైవర్ల పక్కన, నా ఉత్తరం మూడు పేజీలూ వరసగా అతికించి ఉన్నాయి.

కంటి మీది భూతద్దం పైకి లాగి ఆయన నావైపు, నా ఫోనువైపు, గోడవైపు చూశాడు.

"ఇది రాసిన అబ్బాయివి నువ్వే కదూ?"

"అది... ఏదో కోపంలో..."

"ఏం రాశావయ్యా! 'ఉప్పు అమ్ముకుంటూ, ఉప్పు తింటే చస్తారని చాటే వర్తకుణ్ణి ఈరోజే చూశాను' అన్నావు చూడూ, అక్కడ చప్పట్లు కొట్టాను. మా ఆవిడకి చదివి వినిపిస్తే మళ్ళీ చదవమంది. పెళ్ళయిన ఇన్నాళ్ళకి తను అనాలనుకున్నది ఎవరో అన్నారట."

"నావల్లే కదండీ మీరిక్కడ..."

"అక్కడ పొద్దస్తమానం నిలబడాలి. ఇక్కడ కుర్చీ ఉంది. ఇదిగో, నీకూ ఒకటుంది. కూచో. కూచుని, ఫ్లూటు ఎటువైపో చెప్పు."

నా రాతకి దొరికిన మొదటి పాఠకుడు ఆయన. అలాంటివాణ్ణి ఏ రాసేవాడూ వదులుకోలేడు. ఆ రోజు నుంచి బాబాయ్ అయ్యాడు.

ఫ్లూటు సంగతి చెప్పాలి. బాబాయ్ దగ్గర చెవులు మొత్తం కప్పే పెద్ద హెడ్‌ఫోన్లున్నాయి. చిరిగినచోటల్లా నల్లటేపు. ఫోనులో ఒకటే సంగీతం ముక్క. అందులో ఫ్లూటు ఎడమచెవిలో, వయొలిను కుడిచెవిలో వస్తాయి. దొరికినవాడి నెత్తిన ఆ హెడ్‌ఫోన్లు పెట్టి, "ఫ్లూటు ఎటువైపు? వయొలిను ఎటువైపు?" అని అడుగుతాడు. సరిగ్గా చెబితే లాటరీ తగిలినవాడిలా సంబరపడిపోతాడు. వాచ్‌మన్ చెప్పాడు, కొరియరాయన చెప్పాడు, ఫోను పగిలిందని ఏడుస్తూ వచ్చినావిడ కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. ఒకసారి వీధిలో దొంగ ఆయన ఫోను లాక్కుని పారిపోతే, బాబాయ్ వెంటపడి అరిచింది "దొంగా, దొంగా" అని కాదట. "ఒరేయ్, డబ్బాలోవాటితో వినకురా, ఈ హెడ్‌ఫోన్లు కూడా పట్టుకుపో!" అనట. ఈ కథలో సగం నేను కల్పించిందే. ఏ సగమో చెప్పను.

నాకు మాత్రం ఆయన్ని ఓడించాలని ఉండేది. ఒకరోజు నా పిప్పి పాటే పెట్టి, "బాబాయ్, ఇది ఫ్లాక్" అన్నాను. కళ్ళు మూసుకుని, "ఆహా! నలపని పాట నలపని పాటే!" అని తలూపాడు.

"అది నూట ఇరవై ఎనిమిది బాబాయ్!"

ఆయన సిగ్గుపడతాడనుకున్నాను. పకపకా నవ్వి, "నువ్వు అంత నమ్మకంగా చెబితే నా చెవులు నిన్ను కాదంటాయా?" అన్నాడు. సంగీతం గురించి ఇన్ని కబుర్లు చెప్పే మనిషికి తేడా తెలియలేదు! నేను ఈ సంగతి ఊరంతా చాటాను.

నా ఉద్యోగం వింటూ టైపు చెయ్యడం. మీటింగులవీ, ఇంటర్వ్యూలవీ రికార్డింగులు పంపిస్తారు. ఫోను డబ్బాలోని ఇయర్‌ఫోన్లే చెవుల్లో కుక్కుకుని రోజుకి ఎనిమిది గంటలు టైపు చేసేవాణ్ణి. మాట వినపడనిచోట చుక్కలు పెట్టాలని మా ఆఫీసు రూలు. ఆ ఏడాది నా చుక్కలు పెరిగాయి. సూపర్‌వైజరు ఒకరోజు నా కాగితాలు బల్ల మీద పరిచింది.

"ఇందులో మాటలెక్కువా, చుక్కలెక్కువా?"

"ఫైళ్ళు బాగోలేవు మేడమ్. బాగా నలిపేసి పంపుతున్నారు."

"పక్క సీటావిడకీ అవే ఫైళ్ళు. ఆవిడకి నాలుగు చుక్కలు. మీకు అరవై రెండు. సోమవారం దాకా చూస్తాను."

తప్పు ఫైళ్ళది కాదని నాకూ తెలుసు. నెల రోజులుగా ఫోను ఎడమచెవికే పెట్టుకుంటున్నాను. కుడిపక్క ఎవరైనా పిలిస్తే పలకడం లేదు. మా తాతకి ముప్ఫై ఏళ్ళకే చెవుడు వచ్చింది. నాకున్నది చేతిలో భాష, చెవిలో వినికిడి. రెండోది పోతే మొదటిదానికి నెలజీతం ఎవరిస్తారు? ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే నిజమైపోతుందని భయం.

శుక్రవారం బాబాయ్ దగ్గరికెళ్ళి ఆఫీసు ఫైళ్ళని తిట్టడం మొదలుపెట్టాను. ఆయనా నాతోపాటు తిడతాడని ఆశ. ఆయనేమో పని ఆపి నా మొహంకేసి చూశాడు.

"మాటలకి ఎంపీత్రీ చాల్లేరా. మాటలో నలిగిపోవడానికి ఏముంది?"

జీవితంలో మొదటిసారి ఆయన ఎంపీత్రీ తరఫున మాట్లాడాడు. తర్వాత హెడ్‌ఫోన్లు నా నెత్తిన పెట్టాడు.

"ఫ్లూటు ఎటువైపు?"

"ఎడమ."

"వయొలినో?"

కుడిచెవిలో ఏమీ లేదు. కానీ ఈ పరీక్షకి జవాబులు నాకు కంఠతా వచ్చు. "కుడి. ఏం వాయించాడు బాబాయ్! అద్భుతం."

"అద్భుతమే. కుడివైపు తీగ ఇందాక నేనే పీకేశాను. అటు వయొలినూ లేదు, గాడిదగుడ్డూ లేదు. పద."

"ఎక్కడికి?"

"చెవుల డాక్టరు దగ్గరికి. చెప్పులేసుకో."

డాక్టరమ్మ గది తలుపు తోయగానే ఆవిడ నన్ను కాదు, ఆయన్ని పలకరించింది. "ఏం బాబాయ్, ఈ నెల మూడోవాడా?"

"నాలుగో వాడమ్మా. వాచ్‌మన్ తమ్ముణ్ణి మర్చిపోయావు."

ఆవిడ నా చెవిలోకి లైటు వేసి చూసింది. "ఎన్నాళ్ళుంది నాకు?" అని అడిగాను, సినిమాలో రోగిలాగ.

"పది నిమిషాలు" అంది. గోరువెచ్చటి నీళ్ళు పిచికారీతో కొట్టింది. చెవిలోంచి గులిమి ఊడి గిన్నెలో పడింది. కందిగింజంత ఉంది. మరుక్షణం గోడగడియారం చప్పుడు, వీధిలో హారన్లు, పక్కగదిలో ఎవరో తుమ్మడం అన్నీ కుడిపక్కనుంచి మీదపడ్డాయి. నాకు నవ్వాగలేదు. ఆ తుమ్మినాయన్ని వెళ్ళి కావలించుకోవాలనిపించింది.

"చెవి చక్కగా ఉంది. రోజంతా ఇయర్‌ఫోన్లు కుక్కుతుంటే గులిమి లోపలికి దిగిపోయింది, అంతే" అంది డాక్టరమ్మ. "ఏవి వాడతావు?"

తలదించుకుని జేబులోంచి తీశాను.

"డబ్బావి!" బాబాయ్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "చెప్పానా! నేను చెప్పలా!"

ఆయన వాటిని పట్టుకుని వరండాలో ఉన్న రోగులందరికీ చూపించడానికి వెళితే, డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ అంది. "ఆయనకి కుడిచెవి బొత్తిగా వినపడదు, తెలుసా? కుర్రతనంలో మైకుసెట్లు అద్దెకిచ్చేచోట పనిచేసేవారు. పెద్ద స్పీకరు పక్కనే కుర్చీ. వయొలిను తగ్గిందనిపిస్తే క్యాసెట్ మార్చారట, తర్వాత టేపురికార్డరు మార్చారట. నా దగ్గరికొచ్చేసరికి మార్చడానికి ఏమీ మిగల్లేదు. మీ బాబాయ్ అందరినీ ఆపి పరీక్ష పెట్టేది అందుకే."

ఫ్లాక్ అని చెప్పి ఆయన్ని ఓడించిన సంగతి గుర్తొచ్చి, నా చెవులు రెండూ వేడెక్కాయి. రెండూ బాగా పనిచేస్తున్నాయని మాత్రం తెలిసింది.

సోమవారం నా కాగితాల్లో మూడు చుక్కలున్నాయి. పక్క సీటావిడకి నాలుగు.

మొన్న కొత్త ఫోను కొని, డబ్బాతో సహా రిపేరు గదికి తీసుకెళ్ళాను. నా ఉత్తరం ఇంకా గోడమీదే ఉంది.

"బాబాయ్, శుభవార్త. ఈ కంపెనీవాళ్ళు డబ్బాలో ఇయర్‌ఫోన్లు పెట్టడం మానేశారు. మీరు గెలిచారు!"

ఆయన నమ్మలేదు. డబ్బా తీసుకుని, అట్టముక్కలన్నీ విప్పి, తలకిందులు చేసి దులిపాడు. ఏమీ రాలలేదు. దిగాలుగా నావైపు చూశాడు.

"గెలిస్తే గెలిచాంలే. మరి రేపట్నుంచి దారినపోయేవాళ్ళని ఏమని తిట్టి ఆపమంటావురా?"