దొప్పలో మంచినీళ్ళు

తోంగ్‌పాల్ సంతలో జీలుగు కల్లు కుండ మూత తీసినప్పుడు వచ్చే పుల్లటి వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు చెవులు వేడెక్కుతాయి. తాగి కాదు, సిగ్గుతో. నేను తాగేది టీ ఒక్కటే, అదీ చక్కెర తగ్గించి. మొన్న కూరగాయలకని వెళ్ళి, ఆ వాసనకు అక్కడే నిలబడిపోయి, వంకాయలు మరిచిపోయి ఖాళీ సంచితో ఇంటికి వచ్చాను. ఇంట్లో అడిగితే ఏమని చెప్పను? ఒకప్పుడు ఈ కల్లునే మంచినీళ్ళని పత్రికలో రాశానని, ఆ ఒక్క మాటకు ఒక మనిషి ఉద్యోగం ఊడబోయిందని చెప్పాలి. కల్లును నీళ్ళు చేయడం ఎవరైనా మహాత్ములు చేస్తే మహిమ అనేవారేమో. నేను చేశాను కాబట్టి అది మూర్ఖత్వమే. దానికి కర్తను నేను, కర్మ అనుభవించింది మాత్రం కన్నమ్మక్క.

కన్నమ్మక్క మరైగూడలో పుట్టిన దోర్ల తెగ మనిషి. గొల్లపల్లి అవతల, రోడ్డు ఆగిపోయిన చోట మొదలయ్యే పల్లెలకు ఇరవై ఏళ్ళకు పైగా ఆవిడే నర్సు. నేను బచేలి క్వార్టర్లలో పెరిగినవాణ్ణి. మా నాన్న శ్రీకాకుళం నుంచి గనుల్లో మెకానిక్ పనికి వచ్చాడు. నాకు గనిలో ఉద్యోగం రాలేదు, ఒక హిందీ పత్రికకు విలేకరినయ్యాను. విలేకరి అన్న మాట మా నాన్న నోట్లో ఎప్పుడూ వేళాకోళంగానే పలికేది. ఆయన నోరు మూయించే గొప్ప వార్త ఒకటి రాయాలన్న కోరికతో ఒక వేసవి చివర కన్నమ్మక్క వెంట పల్లెలకు బయలుదేరాను. పెన్ను, పుస్తకం, మెడలో కెమెరా. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి, టీకాల మందులున్న ఐసు డబ్బా నా ముందు పెట్టింది.

"ఆ బుక్కు సంచిల పెట్టు తమ్మీ. ఇది పట్టు."

"నేను రిపోర్టర్‌ని అక్కా."

"అయితే ఏంది, రిపోర్టర్లకు చేతులుండయా?"

ఆ రోజు ఏడు గంటలు నడిచాం. డబ్బా పట్టీ నా భుజం మీద చారలా ముద్ర వేసింది. ఆవిడ మాత్రం దారి పొడుగునా ఎవరో ఒకరిని తిడుతూనే నడిచింది. మందు బిళ్ళలు సగం మింగి సగం కోడికి వేసిన ముసలమ్మను తిట్టింది. జ్వరంతో ఉన్న పిల్లను ఇప్పకాయలు ఏరడానికి పంపిన తండ్రిని తిట్టింది. ఆరోగ్య సూత్రాలు చెబుతూ చెబుతూ మధ్యలో కొంగు ముడి విప్పి, గుడాకు వేలితో తీసి పళ్ళకు రుద్దుకుంది. పొగాకుతో చేసే ఆ నల్లటి ముద్దను నేను వింతగా చూస్తుంటే, "ఇది రాయకు, నేను చెప్పేది రాయి," అంది. పల్లె చేరగానే మొదట పటేలు ఇల్లు. అంటే ఊరి పెద్ద ఇల్లు. ఆయన భార్య ఆకు దొప్పలో జీలుగు కల్లు తెచ్చి ఇచ్చింది. కన్నమ్మక్క రెండు చుక్కలు నేల మీద పోయిన పెద్దలకు వదిలి, ఒక్క గుక్క తాగి, దొప్ప కింద పెట్టి, అప్పుడు సూదుల పెట్టె తెరిచింది. వేలి చివర గుచ్చి చుక్క నెత్తురు తీస్తే మలేరియా ఉందో లేదో తేలుతుంది. ఆ ఊళ్ళో వేళ్ళన్నీ వరుసగా ముందుకు వచ్చాయి.

"డ్యూటీలో ఇదేంటక్కా?" అన్నాను గుసగుసగా.

"వాళ్ళ దొప్ప నేను పట్టకుంటే, వాళ్ళ వేలు నాకెందుకిస్తరు?" అంది, గుసగుస లేకుండా.

నాకు ఆ మాట నచ్చింది. ఎంత నచ్చిందంటే, వార్త రాసేటప్పుడు దాన్ని కొట్టేశాను. ఎందుకంటే అప్పటికే నా బుర్రలో ఒక దేవి తయారైంది. అడవిలో ఒంటరిగా నడిచే దేవి తిట్టకూడదు, గుడాకు రుద్దకూడదు, కల్లు ముట్టకూడదు. తిట్లు తీసేశాను. గుడాకు తుడిచేశాను. తీరా చూస్తే నేను తీసిన ఫొటోల్లో బాగా వచ్చింది ఒక్కటే. దొప్ప పెదవుల దగ్గర, కళ్ళు సగం మూసి, వెనక పిల్లలు. దాన్ని వదులుకోబుద్ధి కాలేదు. కింద ఇలా రాసి పంపాను: 'గ్రామస్థులు భక్తితో ఇచ్చిన మంచినీళ్ళు స్వీకరిస్తున్న అడవి దేవత.' మొదటి పేజీలో వేశారు. మా నాన్న ఆ కాగితాన్ని గనికి పట్టుకెళ్ళి అందరికీ చూపించాడు. ఆ వారం రోజులు నేల మీద నడిచినట్టు లేదు నాకు.

ఎనిమిదో రోజున రాయపూర్ నుంచి ఒక చానల్ కుర్రాడు దిగాడు. మంచివాడే, నన్ను సార్ అన్నాడు. ఫొటో పెద్దది చేసి చూపిస్తూ, "నీళ్ళు ఇంత తెల్లగా ఉంటాయా సార్?" అని అడిగాడు. నేను తడబడ్డాను. నా తడబాటే వాడికి సగం వార్త. మిగతా సగం కోసం నేరుగా కన్నమ్మక్క ముందు మైకు పెట్టి బైట్, అంటే టీవీలో వేసుకోవడానికి నాలుగు మాటలు, అడిగాడు. మా వైపు దోమ కుడితే జ్వరం, చానల్ బైట్ తీసుకుంటే అంతకంటే ఎక్కువని అప్పటికి నాకు తెలియదు. డ్యూటీలో మీరు తాగారా అని వాడు అడిగితే, "తాగిన. అయితే ఏంది?" అందావిడ. ఆ మాట తర్వాత ఎందుకు తాగిందో కూడా చెప్పింది. అది ఎవరికీ వినిపించలేదు. 'తాగిన, అయితే ఏంది' ఒక్కటే పొద్దుణ్ణించి సాయంత్రం దాకా టీవీలో తిరిగింది. కింద నా వార్తలోని దేవత అన్న మాటకు ఒక ప్రశ్నార్థకం తగిలించారు. మూడో రోజున సస్పెండ్ కాగితం వచ్చింది, జాంచ్, అంటే విచారణ, తేలేదాకా పల్లెల్లో అడుగు పెట్టవద్దని. తొలకరి పడింది. మలేరియా కాలం మొదలైంది.

మరైగూడకు వెళ్ళాను. ఆవిడ వాకిట్లో కూర్చుని చేటలో చింతపండు గింజలు తీస్తోంది. చానల్‌ను నాలుగు తిట్లు తిడితే నేనూ రెండు కలుపుదామని సిద్ధంగా ఉన్నాను. ఆవిడ తల ఎత్తకుండా ఒకటే అడిగింది.

"నీళ్ళని ఎందుకు రాసినవ్?"

"మీ గౌరవం కోసమక్కా."

"నా గౌరవం కోసమా, నీ దేవత కోసమా?"

కల్లని రాసి, ఎందుకో కూడా రాసి ఉంటే అది ఒక ఆచారం. నీళ్ళని రాసేసరికి దాచిన తప్పయింది. దాచిందేమో నేను, పట్టుబడింది ఆవిడ. ఆవిడ చేట పక్కన పెట్టి, "పటేలు మనవరాలికి జ్వరమట. నా బదులొచ్చిన కొత్తాయన పోయిండు గని, పిల్ల దొరకలేదట. నన్ను పోనియ్యరు," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది.

జాంచ్ ఆ పల్లెలోనే జరిగింది, ఇప్పచెట్టు కింద. జాంచ్ చేయడానికి వచ్చిన ఆఫీసరు సాబ్‌కు హిందీ తప్ప రాదు, ఊరివాళ్ళు హిందీలో సాక్ష్యం చెప్పలేరు. వాళ్ళ తెలుగును హిందీ చేసే పని నా మీద పడింది. కన్నమ్మక్క ఒక పక్క మోకాళ్ళు చుట్టుకుని కూర్చుంది. పటేలు లేచాడు. ఇప్పుడు పొగుడుతాడు, నేను ఇంకాస్త నగిషీ చెక్కి అందిస్తాను, ఆవిడ బయటపడుతుంది అనుకున్నాను.

"రాసుకోమను సాబ్‌ను. ఈమెకు నోరు జాస్తి," అని మొదలుపెట్టాడు పటేలు. "నా పెండ్లాం ముంగట నన్ను గాడిద అన్నది. నా అల్లుడు దోమతెరతోటి చేపలు పడుతుంటే వాగులకు దిగి కట్టెతోటి కొట్టింది."

సాబ్ వైపు తిరిగి హిందీలో, పటేలుకు ఆమె కొన్ని సూచనలు ఇచ్చిందట అన్నాను.

"తమ్మీ," అంది కన్నమ్మక్క వెనకనుంచి. "గాడిదను హిందీల గధా అంటరు. తెల్వదా?"

ఊరంతా నవ్వింది. సాబ్ కూడా మీసం చాటున నవ్వు దాచుకున్నాడు. నేను గాడిదను గాడిదగానే చెప్పాను, కట్టెను కట్టెగానే చెప్పాను. ఆ గాడిద నేనే అయినంత స్పష్టంగా చెప్పాను. మరి కల్లు తాగుతుందా అని సాబ్ అడిగాడు.

పటేలుకు అక్కడ నిజంగా కోపం వచ్చింది. "తాగుతదా? ఒక్క గుక్క! గంతే, దొప్ప కింద పెడ్తది. ఇన్నేండ్ల సంది మా ఇండ్లల్ల నిండు దొప్ప తాగింది లేదు. మాకు నామోషీ కాదా? అది కూడ రాయమను."

అదీ చెప్పాను. సాబ్ కలం ఆపి, అయితే ఈమెను మార్చమంటారా అన్నాడు. పటేలు అడవి వైపు చేయి చూపించాడు. "మొన్నొచ్చినాయన మంచోడే. అందర్ని జీ అన్నడు. మా పిల్లలు ఆయన్ను చూసి అడవిల పడ్డరు. ఈమెను చూసినా ఉరుకుతరు గని, ఈమె ఎంటబడి పట్టుకుంటది. మాకు పట్టుకునేది కావాలె."

వానలు సగమయ్యాక ఆవిడకు ఉద్యోగం తిరిగి ఇచ్చారు, ఒక హెచ్చరిక కాగితంతో పాటు. ఆ సంగతి చెప్పడానికి ఏ చానలూ రాలేదు. పటేలు మనవరాలు బతికింది, కానీ జ్వరం మెదడుకెక్కి ఎడమ చెవి పోయింది. పిలిస్తే కుడి వైపు తల తిప్పుతుంది. దానికి నన్ను ఎవరూ ఏమీ అనలేదు. పటేలు కూడా అనలేదు. ఆ పిల్లకు ఆ కథ తెలియదు కాబట్టి నన్ను చూసి నవ్వుతుంది.

బతికున్న మనుషుల్లో గొప్పవాళ్ళు ఇక మిగలరని, కెమెరాలు అందర్నీ తినేస్తున్నాయని ఈమధ్య చాలామంది అంటున్నారు. నేనూ కొన్నాళ్ళు అన్నాను. చానల్‌ను తిట్టుకోవడం హాయిగా ఉండేది. కానీ కెమెరా కూల్చింది నేను చేసిన బొమ్మను. ఆ ఊరివాళ్ళు నమ్మిన మనిషిని అది అంగుళం కూడా కదిలించలేదు, ఎందుకంటే వాళ్ళకు ఆమె గురించి కొత్తగా తెలియాల్సిన తప్పు ఒక్కటీ లేదు. అన్నీ తెలుసు, అయినా వేలు చాపారు. వెతకడానికి వచ్చినవాడికి దొరకకుండా మనం ఏదీ దాచలేం, మనమే ముందు చెప్పేస్తే మాత్రం వాడికి వెతకడానికి ఏమీ మిగలదు. ఇప్పుడు ఎవరి గురించి రాసినా, అచ్చుకు పంపేముందు వాక్యం వాక్యం దగ్గరా వెనకనుంచి తమ్మీ అన్న పిలుపు వినిపిస్తుంది. వినిపించిన చోట కొట్టేసి మళ్ళీ రాస్తాను. అందుకే నా వార్తలు ఆలస్యం. అందుకే నన్ను తీసేసిన పత్రికలు రెండు.

కన్నమ్మక్క రిటైరై మరైగూడలోనే ఉంది. పోయినసారి వెళ్ళినప్పుడు, మీ మీద మళ్ళీ ఒకటి రాయాలని ఉందక్కా అంటే, "నేను బతికుండంగ ఇంకో అక్షరం రాసినవో, కాళ్ళిరగ్గొడ్త," అంది. చచ్చిపోయాక రాస్తే అందరూ మంచివాళ్ళే అవుతారు, కాబట్టి ఆగదల్చుకోలేదు. పైగా ఆవిడ చదివిందంతా హిందీ బడిలో. తెలుగు నాలుక మీద ఉంది గానీ, అక్షరాలు రావు. నాకు మా అమ్మ క్వార్టర్ గోడ మీద బొగ్గుతో దిద్దించింది. అందుకని, ఆవిడ అనుమతి లేకుండా ఇదంతా తెలుగులోనే రాశాను. ఇందులో ఏముందో తెలియాలంటే ఆవిడ నా ముందు కూర్చుని, నేను చదువుతుంటే వినాలి. వచ్చే వారం వెళ్తున్నాను. తిట్టడానికి మధ్యలో ఎన్నోసార్లు ఆపుతుంది. ఆపినప్పుడల్లా బుద్ధిగా ఆగి, ఆవిడకు ఆయాసం వచ్చేదాకా తిట్టనిచ్చి, సరిగ్గా ఆపిన మాట దగ్గర్నుంచే మళ్ళీ చదువుతాను.