అక్క తుమ్ము

కాశిబుగ్గలో రోడ్డు పక్క చెట్లు పూశాయంటే, ఆ పుప్పొడికి మా తోడికోడలు తుమ్మేది. అదీ సరిగ్గా బావగారు గడప దాటేటప్పుడే. ఆయన అపశకునమని వెనక్కొచ్చి, కూర్చుని మంచినీళ్లు తాగి, ఆమెకు వాము ఆవిరి పట్టించి మరీ వెళ్లేవారు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంటూ నన్ను చూసి నవ్వేది. నాకు ఒళ్లు మండేది. నేను తుమ్మితే మా ఆయన "జర మాస్క్ పెట్టుకోరాదే" అంటూ బండి తీసేవాడు. నా తుమ్ముకు అపశకునమన్న మర్యాద కూడా లేదు.

హోమియో గోలీలకు లొంగని ఆమె తుమ్ములు, దవాఖానలో రాసిన ముక్కు స్ప్రే రోజూ వాడితే తగ్గాయి. ఇక బావగారు ఏ సాకుతో వెనక్కొస్తారో చూద్దామనుకున్నాను.

ఆ పొద్దున ఆమె తుమ్మలేదు. బావగారు గడప దాటి, ఆగి, వెనక్కొచ్చి కూర్చున్నారు.

"ఏందే, ఇయ్యాల సప్పుడు లేదు? పానం మంచిగున్నదా?"

మా ఆయన బండి అప్పటికే సందు మలుపు తిరిగింది.