నా పేరు పెట్టుకుని వెళ్ళిన చుక్క

దెయ్యాలున్నాయని నేనెప్పుడూ అనుకోలేదు. మా ఫరంపేటలో ఎవరైనా ఫలానా సందులో ఏదో కనిపించిందని చెబుతుంటే నవ్వు ఆపుకోవడమే నాకు కష్టంగా ఉండేది. ఇప్పుడు కూడా దెయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. అసలు నేనేమీ చూడలేదు. ఫోన్లో ఒక చుక్క చూశాను. రిజిస్టర్లో ఒక సంతకం చూశాను. ఆ రెండూ గుర్తొస్తే భయం కంటే కోపమే ఎక్కువ వస్తుంది. అందుకే రాస్తున్నాను.

నా పేరు సత్యవేణి. ఇంట్లో వేణి అంటారు. యానాంలో డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఇంట్లోనే పిల్లలకి ట్యూషన్లు చెప్పాను. పిల్లలతో తప్ప ఎవరితోనూ మాట్లాడటం నాకు రాదు. కొట్టుకి వెళ్ళాలన్నా ఏం అడగాలో రెండుసార్లు మనసులో అనుకుని వెళతాను. పెద్ద పనైతే డైరీలో రాసుకుంటాను. వాళ్ళు ఇలా అంటారు, నేను ఇలా అనాలి అని, మాటలతో సహా. తీరా అక్కడికి వెళ్ళాక అందులో ఒక్క ముక్క నోట్లోంచి రాదు.

మొదట నోటు పుస్తకంలో రాసేదాన్ని. ఒకసారి చుట్టాలొచ్చినప్పుడు మా శ్రీను అన్నయ్య దాన్ని తీసి అందరి ముందూ పైకి చదివాడు. "కూరగాయలాయనతో కూడా డైలాగులు రాసుకుంటావేంటే!" అన్నాడు. పిన్ని పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వినట్టే ముఖం పెట్టాను. ఆ పుస్తకం చింపేసి, తర్వాత ట్యూషన్ డబ్బులతో ట్యాబ్ కొనుక్కుని అందులో రాయడం మొదలుపెట్టాను.

నాన్న పోయాక ఇంట్లో ఫోన్ల సంగతులన్నీ అన్నయ్యే చూస్తాడు. రొయ్యల మేత కొట్టులో పనిచేస్తాడు. మా ఇంట్లో అమ్మ ఫోన్‌కీ, అన్నయ్య ఫోన్‌కీ ఒకటే జీమెయిల్, ఒకటే ప్యాటర్న్ లాక్. అన్నీ గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్ల అవుతుందని అన్నయ్య వాదన. ట్యాబ్ కొన్న రోజు గుమ్మంలో కూర్చుని దానికీ అదే జీమెయిల్ ఎక్కించి, అదే ప్యాటర్న్ పెట్టాడు. లొకేషన్ ఆన్ చేసి, ఎక్కడైనా పోతే వెతుక్కునే ఏర్పాటు కూడా చేశాడు.

"దీనికి పేరేం పెట్టమంటావ్?" అని అడిగాడు.

"ట్యాబ్ అని పెట్టు."

"అమ్మ ఫోన్‌కి అమ్మ అనే పెట్టాను. నాదానికి నా పేరే. నీదానికి నీ పేరు." వేణి అని టైపు చేసేశాడు.

తర్వాత అమ్మ ఫోన్లో ఆ పేజీ తెరిచి చూపించాడు. మ్యాపులో మా ఇంటి మీద మూడు చుక్కలు, ఒక్కోదాని పక్కన ఒక్కో పేరు. నా పేరు మీద నొక్కితే సైలెంట్లో ఉన్న ట్యాబ్ గట్టిగా మోగింది. వంటింట్లో అమ్మ ఉలిక్కిపడి గరిటె వదిలేసింది.

"చూశావా, ఇంక నువ్వెక్కడికెళ్ళినా తెలిసిపోద్ది" అన్నాడు.

"నేను కాదు, ట్యాబ్."

"రెండూ ఒకటేలే. నువ్వు దాన్ని వదిలితే కదా!"

ఆ మాటకి నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఒక విషయం ఇక్కడే చెప్పాలి. ఆ ట్యాబ్‌కి సిమ్ లేదు. ఇంట్లో వైఫై అందినంత మేరే అది పనిచేసేది. వీధి చివరికి తీసుకెళితే ఏమీ రాదు.

ఈ ఏడాది ఎవరికీ చెప్పకుండా కాకినాడలో లైబ్రరీ సైన్స్ కోర్సుకి దరఖాస్తు చేశాను. హాస్టల్లో ఉండి చదవాలి. సీటొచ్చింది. సోమవారం సాయంత్రం అయిదులోగా హాస్టల్ ఆఫీసుకి స్వయంగా వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టాలి, లేకపోతే ఆ సీటు తర్వాతివాళ్ళకి ఇచ్చేస్తామని ఉత్తరంలో రాశారు. ఆ ఉత్తరం ఇంటి జీమెయిల్‌కే వచ్చింది. నాకంటూ వేరే జీమెయిల్ పెట్టుకోవచ్చని నాకు తోచనే లేదు. చదివిన వెంటనే ట్యాబ్‌లో స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని, మెయిల్ చెరిపేశాను. కానీ అప్పటికే అన్నయ్య ఫోన్లో కనబడింది.

అది నాకు తెలియదు. నేను మాత్రం డైరీలో సోమవారం ప్రయాణం మొత్తం రాసుకున్నాను. నీలం డ్రస్సు. ఆరు దాటగానే ఆటో. బస్టాండులో మగవాళ్ళలాగా నిలబడి, ఎవరేమనుకున్నా సరే, తీరిగ్గా ఒక టీ. తర్వాత కాకినాడ బస్సు. ఆఖరిదాకా వెళ్ళకుండా జగన్నాథపురం వంతెన దగ్గర దిగి హాస్టల్‌కి నడక. అక్కడ వార్డెన్ గారితో ఏమనాలో కూడా రాశాను: "ఇన్నేళ్ళూ గోడ పక్కనే పడుకున్నానండి. కిటికీ పక్క మంచం ఇస్తేనే సంతకం పెడతాను." అది రాస్తూ నాకే నవ్వొచ్చింది. ఆ మాట నేను ఈ జన్మలో అనలేనని తెలుసు.

శనివారం ట్యూషన్ అయ్యాక చూస్తే నా పెట్టెలో ట్యాబ్ లేదు.

"ఆటోలో వదిలేసుంటావు" అన్నాడు అన్నయ్య, అన్నం కలుపుకుంటూ.

ఆ రోజు నేను ఇల్లు కదల్లేదు. ఆ మాటే చెప్పాను. "మరైతే ఎవరెత్తుకుపోతారే, ఈ డొక్కు ట్యాబ్‌ని?" అన్నాడు. అమ్మ ఫోన్లో ఆ పేజీ తెరిచాను. వేణి, చివరిసారి ఇంటి దగ్గర, శనివారం మధ్యాహ్నం నాలుగూ ఇరవై. మోగించే బటన్ నొక్కాను. ఎక్కడా మోగలేదు. ఆదివారమంతా బియ్యం డబ్బాతో సహా వెతికాను. అన్నయ్య మంచం మీద పడుకుని నా వెతుకులాట చూశాడు. ఆ చూపు నేను మర్చిపోను.

ట్యాబ్ లేకుండా వెళ్ళొచ్చుగా అని మీరు అడగొచ్చు. నన్ను నేనూ అదే అడిగాను. ఉత్తరం అందులో ఉంది, సర్టిఫికెట్ల ఫొటోలు అందులో ఉన్నాయి, అన్నిటికంటే నేను మాట్లాడాల్సిన మాటలు అందులో ఉన్నాయి. అవి లేకుండా గుమ్మం దాటే ధైర్యం నాకు లేకపోయింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

సోమవారం పొద్దున్నే అన్నయ్య కొట్టుకి వెళ్ళిపోయాడు, మేత లారీ వచ్చే రోజు. నేను బట్టలు నానబెట్టి, ఊరికే అమ్మ ఫోన్ తీసి చూశాను. ఆరూ పది. వేణి అన్న చుక్క మా ఇంటి మీద లేదు. ఫరంపేట దాటి యానాం వైపు వెళుతోంది.

దొంగ బయటికి తీశాడనుకున్నాను. క్యాలెండర్ కాగితం ఒకటి చింపి టైములు రాయడం మొదలుపెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. 6:22, బస్టాండు. అక్కడ చుక్క పద్దెనిమిది నిమిషాలు కదల్లేదు. మ్యాపు పెద్దది చేసి చూశాను. టీ కొట్టు దగ్గర ఆగి ఉంది. 6:40, బయల్దేరింది. తాళ్ళరేవు. కోరంగి. 7:48, జగన్నాథపురం వంతెన. అక్కడ ఆగింది. తర్వాత బస్సు వేగంతో కాకుండా మనిషి నడిచే వేగంతో రెండు వీధులు కదిలి, 8:05కి ఒక సందులో నిలిచిపోయింది.

నా డైరీ ఎవడో చదివాడు, చదివి నా ప్రయాణం నాకంటే ముందు చేస్తున్నాడు. ఆ క్షణంలో అనుకున్నది అంతే. నాకొచ్చిన కోపానికి చెవులు గింగురుమన్నాయి. ఒక బటన్ ఉంటే ఆ మనిషిని అక్కడే కాల్చేసేదాన్ని.

పదింటికి అన్నయ్య ఇంటికొచ్చాడు. మధ్యాహ్నం దాకా రాకూడని మనిషి. చెప్పులు కూడా విప్పకుండా తిన్నగా తన బీరువా దగ్గరికి వెళ్ళి తాళం తీశాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. చొక్కాల కింద నుంచి నా ట్యాబ్ బయటికి తీశాడు.

అది ఆఫ్ చేసి ఉంది. నా పాత తువ్వాలులో చుట్టి ఉంది.

"ఇది ఇక్కడే ఉంది. తాళం చెవి నా జేబులోనే ఉంది" అన్నాడు. నాతో కాదు, ఎవరితోనో చెబుతున్నట్టు. కొట్టులో కూర్చుని తన ఫోన్లో వాడూ ఆ చుక్కనే చూశాడట. నేను బస్సెక్కేశాననుకుని అమ్మకి ఫోన్ చేశాడట. "వేణా? బట్టలు ఉతుకుతోంది" అని అమ్మ చెప్పిందట.

"నువ్వు చదివావా?" అన్నాను.

"ఆ హాస్టళ్ళలో ఎలా ఉంటావే నువ్వు? బస్సులో టిక్కెట్ అడగడం కూడా రాదు నీకు. నీ మంచికే..."

"చదివావా, లేదా?"

తలూపాడు. మా అన్నయ్య మీద నేను గొంతెత్తడం అదే మొదలు. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు. అమ్మ వీధి తలుపు వేసిందంటే గట్టిగానే అరిచి ఉంటాను. వాడు "తీసుకో. నాకొద్దు ఇది" అని ట్యాబ్ నా చేతిలో పెట్టి వెనక్కి జరిగాడు, కాలుతున్న వస్తువు ఇచ్చినట్టు.

నేను ఆన్ చేశాను. ఛార్జింగు అరవై ఒక శాతం, శనివారం వదిలినప్పుడు ఎంతుందో అంతే. అమ్మ ఫోన్లో చుక్క కాకినాడ నుంచి మాయమై మా ఇంటి మీద కనిపించింది. అంతకుముందు తీసిన స్క్రీన్‌షాట్ ఉంది. అలాంటివి ఎవరైనా తయారు చేసుకోవచ్చంటారు. అనుకోనివ్వండి.

ఆ కోపంలోనే వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. మధ్యాహ్నమంతా ఏడుస్తూ కూర్చున్నాను. గడియారంలో అయిదు కావడం చూశాను.

మంగళవారం వెళ్ళాను. సీటు కోసం కాదు, సీటు పోయిందని తెలుసు. ఆ సందులో ఎవరున్నారో చూడాలి, వాళ్ళని కడిగెయ్యాలి. అన్నయ్య ఆపలేదు. అమ్మ మాత్రం "ఎల్లు, బట్టలు కూడా పట్టుకెల్లు" అంది. ఎందుకందో నాకిప్పటికీ తెలియదు. నీలం డ్రస్సు అప్పుడే ఆరింది, సంచిలో పెట్టింది. దారిలో టీ తాగలేదు. అన్నయ్య చెప్పినట్టే టిక్కెట్ అడగడం రాక, డబ్బులు మాత్రం చాచాను.

చుక్క ఆగిన చోటు ఆ హాస్టలే. మెట్ల దగ్గర ఒకావిడ, అరవై దాటిన మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి దించి నన్ను చూశారు.

"ఏమ్మా సత్యవేణీ, బట్టలు తెచ్చుకుంటానని నిన్న వెళ్ళి ఇప్పుడా రావడం?"

నేను నోరు తెరిచాను. మళ్ళీ మూసేశాను.

"అదేంటి? నిన్న అంత గొడవ చేశావ్, ఇవాళ నోరు పెగలదేం? ముప్పై ఏళ్ళ నుంచి చేస్తున్నాను ఈ పని, ఒక్కపిల్ల కూడా నాతో అలా మాట్లాడలేదు. కిటికీ పక్క మంచం ఇస్తేనే సంతకం పెడతావా! ఇన్నేళ్ళూ గోడ పక్కనే పడుకున్నావా! నాకు నవ్వొచ్చి ఇచ్చేశాను పో."

రిజిస్టర్ చూపించమని సైగ చేశాను. సోమవారం, ఉదయం ఎనిమిదీ పది. నా పేరు, ఫరంపేట, అమ్మ నంబరు. పక్కన సంతకం. 'ణి' మీద గుడిని నేను చిన్నప్పటి నుంచీ తోకలా పొడుగ్గా లాగుతాను, బడిలో దానికి దెబ్బలు కూడా తిన్నాను. ఆ తోక అక్కడ ఉంది.

"నిన్న నేను ఏ బట్టల్లో ఉన్నానండి?" అని అడిగాను చివరికి.

"నీలం డ్రస్సు. బాగుందన్నాను కూడా. ఏం, ఒంట్లో బాలేదా?"

సోమవారం పొద్దున్న ఆ డ్రస్సు మా పెరట్లో బకెట్లో నానుతోంది. నా చేతులతో నేనే నానబెట్టాను.

అన్నయ్యే మనసు మారి ఎవరినైనా పంపాడా అని కూడా ఆలోచించాను. డైరీ చదివింది వాడొక్కడే కదా. ఫోన్ చేసి అడిగేశాను. "నిన్ను ఆపడానికే కదే దాచింది, నేనెందుకు పంపుతాను?" అన్నాడు. అది అబద్ధం కాదని నాకు తెలుసు. అంత నిజం వాడెప్పుడూ మాట్లాడలేదు. అప్పట్నుంచి వాడు ఆ పేజీ తెరవడు. నాకు నేనుగా కొత్త జీమెయిల్ తెరుచుకున్నాను. ట్యాబ్‌కి ట్యాబ్ అనే పేరు పెట్టాను.

ఇది రాస్తున్నది ఆ కిటికీ పక్క మంచం మీద కూర్చునే. గాలి బాగా వస్తుంది. నెలలు గడిచినా ఇక్కడ నేను పెద్దగా మాట్లాడింది లేదు. వార్డెన్ గారు అప్పుడప్పుడు నన్ను చూసి, "ఆ మొదటి రోజు పిల్ల ఏమైపోయిందే?" అంటారు, వేళాకోళానికి. ఆవిడకి తెలియదు, ఆ మాట నాకు ఎక్కడ గుచ్చుకుంటుందో.

నేను ఏడుస్తూ కూర్చున్న రోజున నా పేరుతో, నా బట్టల్లో, నేను రాసిపెట్టుకున్న మాటలతో వెళ్ళింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. దానికి కృతజ్ఞత చెప్పాలని అమ్మ అంటుంది. నాకు రాదు. మంగళవారం ఆ రిజిస్టర్లో నేను కూడా సంతకం పెడతానని పెన్ను తీసుకుంటే వార్డెన్ గారు పుస్తకం మూసేశారు.

"ఒకసారి పెట్టావుగా, చాల్లే" అన్నారు.

ఈ సీటు నాదేనని చెప్పడానికి ఈ హాస్టల్లో ఉన్నది ఆ ఒక్క సంతకమే. అది నేను పెట్టింది కాదు.