రోబోకు దిష్టి చుక్క

ఆ రోజుల్లో నాకు మెషిన్ల మీద ఉన్న నమ్మకం కంటే మా అవ్వ మీద నమ్మకమే ఎక్కువ. (ఇప్పుడు రెండూ సమానమేనని బయట చెప్పుకుంటాను, అవ్వ వినదు కాబట్టి.) డిప్లొమా అవగానే నిజామాబాద్ శివార్లలోని ఒక చిన్న ఫ్యాక్టరీలో ట్రైనీ ఆపరేటర్‌గా చేరాను. అక్కడ ఫ్యూయల్ సెల్‌కు కావలసిన పొరలు పేర్చేవారు. హైడ్రోజన్ పంపితే కరెంటు ఇచ్చే పెట్టె అది. దాని కడుపులో అప్పడం కంటే పలచని పొరలు కింది పలక మీద సరిగ్గా కూర్చోవాలి, వెంట్రుకవాసి జరిగినా గ్యాస్ లీకవుతుంది. మనిషి చెయ్యి వణుకుతుంది కనుక ఆ పని రోబో చేసేది. ఆ పలకను ఉంచే ట్రే మూలల్లో అచ్చువేసిన నల్ల చుక్కలను పైనున్న కెమెరా చూసి చోటు చెబితే, రోబో పొరను గాలితో పీల్చి పట్టుకుని అక్కడ పెట్టేది. దానికి పొరలు అందించడం, అది మొరాయిస్తే ఫ్యాక్టరీ నడిపే సార్‌ను పిలవడం నా పని.

హైదరాబాద్ నుంచి కొనేవాళ్లు చూడటానికి వస్తున్నారని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. రోబో వాళ్ల ముందు బాగా చేస్తేనే ఆర్డరు, ఆర్డరు వస్తేనే నా ఉద్యోగం. జక్రాన్‌పల్లిలో మా బాపు ముందే చెప్పేశాడు: "నౌకరి పక్కా అయితే చెయ్యి బిడ్డా, లేకుంటే ఇంటికి రా. పసుపు తవ్వుడుకు మనుషులు దొరుకుతలేరు." నా బెంగ విని అవ్వ వెంటనే వైద్యం చెప్పింది. "గంతమంది సూస్తే దిష్టి తగలదా? చెంప మీద ఇంత కాటుక సుక్క పెట్టు." దానికి చెంప లేదవ్వా అంటే, "మొహం ఎటుందో సూసి పెట్టు. గది గూడ నేనే చెప్పాల్నా?" అని కసిరింది.

పొరల గదిలోకి కాటుక తేకూడదని రూలు. నేనా, రూలు తప్పే పిల్లను కాదు. అందుకే పర్మినెంట్ మార్కర్‌తో పని కానిచ్చాను. మొహం ఎటుందో ఎంత వెతికినా తెలియలేదు. దాని చేతి మీద పెడితే సార్ కంట్లో పడుతుంది. చివరికి ట్రే మూలన, అక్కడున్న చుక్క పక్కనే, ఎవరికీ అనుమానం రాకుండా ముద్దుగా ఒక చుక్క పెట్టి దండం పెట్టుకున్నాను.

కొనేవాళ్ల తరఫున వచ్చిన పెద్ద మేడం అద్దం అవతల నిలబడ్డారు. రోబో మొదటి పొరను ఎంతో శ్రద్ధగా తీసి, అంతే శ్రద్ధగా పలక పక్కకు పెట్టింది. రెండోదీ అలాగే. మా సార్‌ది కోటగిరి, కాలువ కింద పొలాలున్న ఆంధ్రా కుటుంబం. ఆయన ముఖం పాలిపోయింది. "ఏంటమ్మాయ్ ఇది? నిన్న బాగానే చేసిందిగా!" స్క్రీన్ చూస్తే, కెమెరా అసలు చుక్కను వదిలేసి నా చుక్క చుట్టూ పచ్చటి గుండ్రం గీసి కూర్చుంది.

"నేనే పెట్టిన సార్. దిష్టి తగుల్తదని మా అవ్వ చెప్పింది" అన్నాను. ఏడుపు ఆగలేదు.

మేడం అద్దం దగ్గరికి వచ్చి ఆ చుక్కను చూశారు. తర్వాత నెమ్మదిగా, "దిష్టి చుక్క చూసేవాళ్ల కన్ను మళ్లించడానికి పెడతారమ్మా. నువ్వు రోబో కన్నునే మళ్లించావు" అన్నారు. స్పిరిట్‌తో తుడిపించి మళ్లీ నడపమన్నారు. ఈసారి పొరలన్నీ బుద్ధిగా కూర్చున్నాయి. అయినా ఆవిడ ఏమీ తేల్చకుండానే కారెక్కారు.

సాయంత్రం సార్ పిలిస్తే బ్యాగు సర్దుకునే వెళ్లాను. "నిన్ను పంపించేద్దామనే అనుకున్నాను. ఆవిడే వద్దంది. ఏ మరక పడ్డా ఈ కెమెరా చుక్కేననుకుంటుందని మనకెవరికీ తట్టలేదు చూడు. అది సరిచేస్తే ఆర్డరు ఇస్తారట. రేపు పొద్దున్నే వచ్చెయ్" అన్నారు. నేను మెట్ల మీద కూర్చుని మళ్లీ ఏడ్చాను, ఈసారి హాయిగా.

ఇప్పుడు ఆ లైన్ నేనే చూసుకుంటున్నాను. అచ్చువేసినవి కాక మరో చుక్క కనబడితే రోబో ఆగిపోయి గంట కొడుతుంది. మా షిఫ్టులో దాన్ని అవ్వ గంట అంటారు. ఎందుకంటారో తెలియని కొత్త పిల్లలు కూడా అదే అంటారు. అది మోగినప్పుడల్లా, మార్కర్ చేతపట్టుకుని రోబో మొహం కోసం చుట్టూ తిరిగిన ఆ పిల్ల కళ్లముందు కదులుతుంది. నవ్వు వస్తుంది. అంత భయంలోనూ తన గురించి కాక దానికి దిష్టి తగులుతుందేమోనని బెంగపడిన ఆ పిచ్చిది, నిజం చెప్పొద్దూ, నాకు ఇంకా ముద్దొస్తుంది.