ఒట్టు పెట్టనివాడు

వాడంటే నాకు పడేది కాదు. ఎందుకో చెప్పమంటే ఇప్పటికీ తడుముకోకుండా చెప్పగలను. చెడుగుడులో వాడి కూత నా కూత కంటే పొడుగు. వాడు గీత దాటి మా వైపు వచ్చాడంటే ఇద్దరినైనా అవుటు చేయనిదే తిరిగి వెళ్లడు. నేను బాగా ఆడితే మా సార్ "శభాష్" అనేవాడు. వాడు ఆడితే ఏమీ అనకుండా, చేతులు కట్టుకుని నవ్వుతూ చూసేవాడు. ఆ నవ్వు కోసం నేను చచ్చిపోయేవాణ్ణి.

వాడు వాగు అవతలి వాడలో ఉండే ఉపదేశి కొడుకు. ఉపదేశి అంటే మిషన్ వాళ్లు పంపిన మనిషి. తాటాకు పాకలో ఏసు ప్రార్థన చెప్పేవాడు, వాడ పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. మాది గొర్లు కాచుకునే ఇల్లు. వాడితో ఆడి వచ్చిన రోజు మా అవ్వ నన్ను గడప బయటే నిలబెట్టి, నెత్తిన చెంబెడు నీళ్లు గుమ్మరించాకే లోపలికి రానిచ్చేది. ఆ నీళ్లతో నా కడుపులో మంట మాత్రం ఆరలేదు.

ఆంధ్ర, తెలంగాణ కలిసిన కొత్త రోజులవి. నేను ఏడో తరగతి. జడ్చర్లలో బడుల మధ్య ఆటల పోటీలు పెట్టారు. మా బడి జట్టుకు కెప్టెన్ కావాలి. కెప్టెన్‌కు వేయడానికని సార్ ఒక ఎర్ర బనీను తెచ్చి బీరువాలో పెట్టాడు. మమ్మల్ని రెండు జట్లు చేసి, ఒక దానికి నన్ను, రెండో దానికి వాణ్ణి నాయకుడిగా పెట్టి, "గెలిచినోడే కెప్టెన్" అన్నాడు. ఆ రోజు బాపు మందను మా పెద్దనాయినకు అప్పగించి, భుజాన గొంగడితో వచ్చి గీత పక్కన నిలబడ్డాడు. బాపు నా ఆట చూడటానికి రావడం అదే మొదటిసారి.

చివరికి అటు వాడొక్కడు, ఇటు నేనొక్కణ్ణి మిగిలాం. వాడు కూత పెట్టుకుంటూ వచ్చాడు. నేను వెనక్కి జరిగాను. వాడు నేల మీదికి వాలి కాలు చాపాడు. వాడి బొటనవేలి గోరు నా మోకాలి కింద గీసుకుంటూ పోయింది. చురుక్కుమంది కూడా. వాడు కూత తెగకుండానే గీత దాటి లేచి నిలబడ్డాడు.

"తాకింది సార్" అన్నాడు.

"తాకలే" అన్నాను నేను. నోరు దానంతట అదే అన్నది.

సార్ అటు వైపు నిలబడి ఉన్నాడు, సరిగ్గా చూడలేదు. మా ఆటలో ఇలాంటి తగువుకు ఒకటే తీర్పు. ఒట్టు పెట్టాలి. ఒట్టుకు వెనుకాడినవాడు అవుటు. పిల్లలందరూ "ఒట్టు, ఒట్టు" అని అరిచారు. సార్ ముందు వాణ్ణే అడిగాడు.

"నేను ఒట్టు పెట్ట సార్. మా దేవుడు వద్దన్నడు. తాకింది, గంతే."

అందరూ గొల్లుమని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒట్టు పెడితే బనీను వాడిదేనని వాడికి తెలుసు. తెలిసీ పెట్టలేదు. అంత బింకం వాడికి ఎక్కడిదని ఒళ్లు మండిపోయింది. అప్పుడు బాపు ముందుకు వచ్చాడు. రుమాలు తీసేసి నా ముందు తల వంచాడు.

"పెట్టు బిడ్డా. నా కొడుకు అబద్ధమాడడు" అన్నాడు.

బాపు నెత్తి మీద చెయ్యి పెట్టి "బాపు తోడు, తాకలే" అన్నాను. గెలుపు నాదేనన్నాడు సార్. ఎర్ర బనీను ఇంటికి తెచ్చుకున్నాను.

మూడో రోజు బాపు కాలిలో తుమ్మముల్లు విరిగింది. కాలు బోదకాలులా వాచింది, ఒళ్లు కాలిపోయింది. తప్పుడు ఒట్టు ఎవరి మీద వేస్తే వాళ్లను మింగుతుందని మా ఇళ్లలో గట్టి నమ్మకం. ముల్లు ఎక్కడి నుంచి వచ్చిందో ఇంట్లో నా ఒక్కడికే తెలుసుననుకున్నాను. నాకు అన్నం సహించలేదు. అయినా బనీను మడత తీసి చూసుకోవడం మానలేదు.

వాడు నన్ను దొంగ అని వాడంతా చాటి ఉంటాడని అనుమానం. ఏమంటున్నాడో విందామని పొద్దుగూకే వేళ వాగు దాటి వెళ్లి, పాక వెనుక తడిక పక్కన కూర్చున్నాను. లోపల ఒక్కొక్కరే ప్రార్థన చేస్తున్నారు. వాడి వంతు వచ్చింది.

"ప్రభువా, ఆటల అబద్ధం చెప్పినోని మీద నాకు మస్తు కోపమున్నది. గది తీసెయ్యి. వాళ్ల బాపు కాలు వాసిందట. ఆ ఒట్టు ఆయనకు తాకనియ్యకు."

తిట్టి ఉంటే బాగుండేది. కాలు వాచినప్పటి నుంచి నా బాపు కోసం నేను ఏ దేవుడినీ ఏమీ అడగలేదు. అడిగితే నిజం చెప్పాల్సి వస్తుందని భయం. ఆ పని కూడా వాడే నా కంటే ముందు చేశాడు. తడిక పక్కన కూర్చుని నేను ఏడ్చింది పశ్చాత్తాపంతో అని చెప్పుకోవచ్చు గానీ, సగం కుళ్లుతోనే ఏడ్చాను.

మర్నాడు బనీను తీసుకెళ్లి సార్ బల్ల మీద పెట్టి, "తాకింది సార్" అన్నాను. నా జట్టు పిల్లలు ఒప్పుకోలేదు. బాపుకు జ్వరమొచ్చిందని భయపడి అంటున్నానని, నిజమైతే ఒట్టు పెట్టమని పట్టుబట్టారు. నేను నోరు తెరవబోతుంటే వెనుక బెంచీ నుంచి వాడు లేచాడు.

"ఒట్టెందుకు సార్? చెప్తుండు గద" అన్నాడు.

సార్ బెత్తంతో నా అరచేతులు వాయగొట్టి, బనీను వాడికిచ్చాడు. వాడికి అది వదులు. అయినా నప్పింది, నాకు మళ్లీ మండింది.

దవాఖానలో ముల్లు తీశాక బాపు కాలు మెల్లగా తగ్గుముఖం పట్టింది. అది మందు గుణమే అనుకున్నాను. ప్రార్థన వల్ల అనుకుంటే ఆ గెలుపు కూడా వాడి ఖాతాలోకే పోతుంది.

బాపుకు చెప్పడమే మిగిలింది. అరుగు మీద కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చున్నాడు. కళ్లలోకి చూడలేక నేల చూస్తూ మొత్తం చెప్పేశాను. బాపు కాలి కట్టును సర్దుకున్నాడు.

"నాకెరుకే బిడ్డా. గోరు గీసుకున్నకాడ నీ కాలికి నెత్తురు పొటమరించింది. తల వంచినప్పుడే చూసిన."

"మరి ఊకెందుకున్నవ్ బాపు?"

బాపు వాగు వైపు చూశాడు.

"గా పోరగాడు ఓడిపోతే చూడాల్నని నాకు గూడ ఉండె."