మునిగినాక పడవెక్కిన వర్తకుడు

లాల్‌దర్వాజాలో మేమంతా సార్ అని పిలిచే వైకుంఠం గారు నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నారు. తెలుగు ఆయన ఇంటి భాషే గాని దాని అక్షరాలు చివరిదాకా పట్టుబడలేదు. అందుకే 1973లో, అరబ్బు, ఫారసీ, హిందుస్తానీ కథలున్న ఒక పాత ఉర్దూ పుస్తకాన్ని తెలుగులోకి తేవాలనుకున్నప్పుడు, చెప్పేది ఆయన, రాసేది నీలమ్మ అయింది. నీలమ్మ సార్ వాళ్ల ముందు గదిలో అద్దెకుండి జాకెట్లు కుట్టేది. ఏడో తరగతి దాకా చదివింది. దస్తూరీ గుండ్రంగా ఉండేది.

పుస్తకం మొదటి, చివరి కాగితాలు ఎప్పుడో పోయాయి. కుట్టు ఊడి కట్టలు కట్టలుగా విడిపోతే ముందు బైండింగ్ చేసే ఎల్లప్పకు ఇచ్చారు. అతను పల్లె నుంచి వచ్చి ఏడాదే అయింది. తెలుగు బడి పుస్తకాలు కుట్టిన చెయ్యి. గట్టిగా కుట్టి, అంచులు నున్నగా కోసి, ఎర్ర అట్ట వేసి ఇచ్చాడు.

రోజూ సాయంత్రం ఎండ ఉండగానే వాకిట్లో ఒక కట్ట, అంటే పదహారు పేజీలు. సార్ వేలు కుడి నుంచి ఎడమకు పోయేది, నీలమ్మ కలం ఎడమ నుంచి కుడికి. మేం గడప మీద కూర్చుని వినేవాళ్లం.

మూడో రోజు బస్రా వర్తకుడు సముద్రంలో మునిగి చనిపోయాడు. పక్కింటి ఆగమ్మ కళ్లు తుడుచుకుంది. ఏడో రోజు అతనే పడవెక్కుతూ భార్యకు జాగ్రత్తలు చెప్పాడు.

"సచ్చినోడు మళ్ల ఏడికెల్లి వచ్చిండు సారూ?" అంది ఆగమ్మ.

"కిస్సా లోపల కిస్సా ఉంటదమ్మా. ఇది వేరేటోడు చెప్తున్న ముచ్చట కావచ్చు."

తొమ్మిదో రోజు, ఐదో రోజున కొడుకును బడికి పంపిన షాజాదీకి, అంటే రాకుమారికి, పెళ్లి కుదిరింది.

"కొడుకు సదువుకొచ్చినంక లగ్గమా?" అంది ఆగమ్మ.

"నువ్వు రాయి బిడ్డా," అన్నారు సార్ నీలమ్మతో. కథ అతకని చోట పురుగు తినేసిందనుకుని తానే ఒక వాక్యం కలిపేవారు. మరునాడు ఆ వాక్యం ఇంకోచోట అడ్డం తగిలేది.

రానురాను మాకు నవ్వులాటగా ఉండేది గాని ఆయన ముఖం వాడిపోతూ వచ్చింది. చదివిన పేజీలే వెనక్కి తిప్పి చూసేవారు. ఆయన అన్న సీతారాం చివరి రోజుల్లో సొంత పిల్లల పేర్లే కలగాపులగం చేసేవాడు. "అన్నకు గిట్లనే షురూ అయింది," అని ఒకసారి నాతో మెల్లగా అన్నారు. ఆయన భార్య వరమ్మ, దారి మరిచిపోతారేమోనని, అప్పటికే ఆయనను బేగంబజార్‌కు ఒంటరిగా పంపడం మానేసింది.

ఇరవయ్యో రోజు చివరి కట్ట తెరిచారు. అందులో ఆ వర్తకుడు అప్పుడే పుట్టి, తల్లి ఒళ్లో పేరు పెట్టించుకుంటున్నాడు. సార్ పుస్తకం మూసేశారు.

"రాయకు నీలమ్మా. నా దిమాగు పని చేస్తలేదు."

మరునాడు పొద్దున నీలమ్మ ఆ పుస్తకం పట్టుకుని ఎల్లప్ప దగ్గరికి వెళ్లింది, నడుమ కాగితాలేమైనా పోయాయేమో అడగడానికి. అతను కుట్టు వైపు చూసి నాలుక కరుచుకున్నాడు. ఆమెతోనే వచ్చి సార్ ముందు నిలబడ్డాడు.

"తప్పు నాదే సారూ. ఉర్దూ కుడి దిక్కుకెల్లి సదువుతరని నాకెరుకే. కట్టలు పేర్చేటప్పుడు చెయ్యి తెలుగు పుస్తకాల అలవాటుకు పోయింది. ఆఖరిది మొదట, మొదటిది ఆఖర కుట్టిన."

"మరి పేజీ నంబర్లు ఏమైనయి? కింద, వచ్చే పేజీ మొదటి మాట గూడ రాసి ఉండాలె గదా?"

"అంచులు కోసినప్పుడు పోయినయి."

సార్ పుస్తకం పక్కన పెట్టి లేచారు. "లోపలికి రా. గిదే మాట మా ఇంటామెకు చెప్పు," అన్నారు.

నీలమ్మా నేనూ వెనకే వెళ్లాం. ఎల్లప్ప వంటింటి గుమ్మం దగ్గర నిలబడి మొదటి నుంచి చెప్పాడు. సార్ అతని భుజం పక్క నుంచి భార్య ముఖమే చూస్తున్నారు. వరమ్మ పొయ్యి మీది గిన్నె దించి, అంతా విన్నది.

"సరే ఎల్లప్పా, తప్పు నీదే," అంది. "ఇరవై రోజులు సదివిండు గదా. ఈయనకెందుకు తెల్వలే?"

ఎల్లప్ప సార్ వైపు చూశాడు. సార్ నీలమ్మ వైపు చూశారు. నీలమ్మ నా వైపు చూసింది.