ఆఖరి గంజిచుక్క

నా పేరు కొల్లి సూరమ్మ. ఇక్కడ ఉండడానికి ఇచ్చిన ఇకామా కార్డులో వయసు అరవై ఆరని ఉంది, మా అమ్మ చెప్పిన లెక్కన ఇంకో రెండేళ్ళు ఎక్కువే. కోనసీమలో కాలవ గట్టు మీద ఊరు మాది. మా ఆయన పోయి చాలా కాలమైంది. అక్కడ కూతురు, దాని సంసారం ఉన్నాయి. ఇక్కడ సౌదీలో, ఖతీఫ్‌లో, డాక్టరమ్మగారి ఇంటి వెనక గది నాది. ఆ ఇంట్లో ముగ్గురం ఉండేవాళ్ళం, ఇప్పుడు ఇద్దరం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే ఏసీలు బాగుచేసే జగిత్యాల లింగన్న రాస్తున్నాడు. పేజీ అయినప్పుడల్లా చదివి వినిపించమన్నాను.

"గింత గనం అనుమానమైతే ఎట్ల పెద్దమ్మా? నేనేం తప్పు రాస్త?" అంటున్నాడు.

"ఆ మాట కూడా రాయి" అన్నాను. రాశాడు.

అయ్యగారు పోయారన్న కబురు మంగళవారం పొద్దున పది గంటలకు వచ్చింది. నేను చేప తోముతున్నాను. డాక్టరమ్మ బూట్లతోనే వంటింట్లోకి వచ్చింది. ఆమె ఎప్పుడూ అలా రాదు. "నాన్న పోయారు సూరమ్మా" అంది. గుండెకు వైద్యమని అంతకు నెల ముందే ఆయన్ని వాళ్ళ దేశం స్వీడన్‌కు తీసుకెళ్ళారు.

"ఎవరు చెప్పారు?" అన్నాను.

"ఆస్పత్రి నుంచి ఫోను చేశారు."

"కళ్ళతో చూసినోళ్ళు చెప్పారా, ఫోనులో ఎవరో చెప్పారా?"

ఆమె పొయ్యి పక్కనున్న ఎత్తు పీట మీద కూర్చుంది. అది అయ్యగారి పీట. ఆయన తప్ప దాని మీద ఎవరూ కూర్చోరు. అప్పుడు నమ్మాను.

చదివేవారికి ఒక మాట. మా ఇంట్లో నడిచేది అరబ్బీ, ముగ్గురిదీ మూడు రకాల అరబ్బీ. ఆమెది ఆస్పత్రి అరబ్బీ, నాది ఇరవై ఏళ్ళుగా ఇళ్ళల్లో పనిచేసి నేర్చుకున్నది, ఆయనది నా దగ్గర నేర్చుకున్నది. అందుకే ఆయన అరబ్బీలో నా తిట్లు ఎక్కువ ఉండేవి. ఇక్కడ అంతా తెలుగులో చెబుతున్నాను.

భార్య పోయాక ఆరేళ్ళ కిందట ఆయన కూతురి దగ్గరికి వచ్చేశారు. సంగీతం రాసేవారని, వాళ్ళ దేశంలో పెద్ద పేరని డాక్టరమ్మ చెప్పింది. నేను నమ్మలేదు. సంగీతం తెలిసిన మనిషి కూనిరాగమైనా తియ్యడా? ఈయన రోజంతా కళ్ళు మూసుకుని కూర్చునేవారు. వచ్చిన వారానికే వంటింట్లో చిన్న మిషను ఒకటి పెట్టారు, మాటలు పట్టుకునేది. అంతకు ముందు నేను పనిచేసిన ఇంట్లో బియ్యం డబ్బా పైన కెమెరా పెట్టారు. కాబట్టి నాకు అర్థమైపోయింది. నా తిట్లు పట్టి ఎవరికో వినిపించి నన్ను ఊరికి పంపేస్తారని. ఆ మిషను మీద సత్తుగిన్నె బోర్లించాను.

మర్నాడు ఆయన గిన్నె తీసి చూసి, కోప్పడకుండా, మళ్ళీ బోర్లించి దాని మీద వేలితో కొట్టి విన్నారు. రెండు గంటలు అదే పని. మనిషికి మతి పోయిందనుకున్నాను.

మా ప్రహరీ అవతల ఇంట్లో పనిచేసే కడప ఓబులమ్మ గోడ మీదుగా అడిగేది. "ఏమక్కా, మీ ముసలాయప్ప ఈ పొద్దు దేన్ని కొడతాండాడు?"

"తలుపు" అనేదాన్ని. ఒకరోజు బిందె, ఒకరోజు గేటు గొళ్ళెం.

లింగన్న ఈ ఇంటికి మొదటిసారి వచ్చింది కూడా ఆయన వల్లే. హాల్లో రెండు ఏసీలు ఉన్నాయి. రెండూ చల్లగానే ఉన్నాయి. కానీ ఒకదాని మోతకు ఇంకోదాని మోతకు పడటం లేదని ఆయన పిలిపించారు. లింగన్న మూత విప్పి, మూసి, నా వైపు తిరిగి, "ఇదేం బీమారి పెద్దమ్మా? ఏసీ మంచిగనే ఉన్నది గదా" అన్నాడు. అయ్యగారు ఒకదానికి చెక్కముక్క ఆనించి, "ఇప్పుడు విను" అన్నారు. నిజం చెప్పాలి కదా, ఆ రోజు నుంచి హాల్లో కూర్చుంటే తలనొప్పి తగ్గింది. అయినా నేను ఆయనకు ఆ మాట చెప్పలేదు.

ఆయన తండ్రి చెక్క కోసే మిల్లులో పనివాడట. రంపాల మోతలో పెరిగాను, అదే నాకు జోలపాట అనేవారు. కుర్రతనంలో ఆయన రాసింది మొదటిసారి వాయించినప్పుడు జనం మధ్యలోనే లేచి వెళ్ళిపోయారట. ఇంకోసారి నలభై మంది పాడేవాళ్ళను నిలబెట్టి, పాడించకుండా ఊపిరి మాత్రం తీయించారట. ఒకరోజు నాకూ ఒకటి వినిపించారు. "ఎలా ఉంది?" అనలేదు. "విన్నావా?" అన్నారు.

"విన్నాను. రేకుల షెడ్డు మీద నాలుగు పిల్లులు ఒకేసారి దూకినట్టుంది" అన్నాను.

కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. కూతుర్ని పిలిచి ఆ మాట రాయించుకున్నారు. వాళ్ళ దేశం పేపర్లవాళ్ళు యాభై ఏళ్ళు తిట్టారు కానీ పిల్లుల్ని లెక్కపెట్టినవాళ్ళు ఎవరూ లేరన్నారు. "మెచ్చుకోవద్దు సూరమ్మా, వింటే చాలు" అనేవారు. నేను మెచ్చుకోలేదు. వినడం మాత్రం మానలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. లింగన్నా, ఇక్కణ్ణించి తిన్నగా రాయి.

నేను కుక్కరులో అన్నం వండను. గిన్నెలో వండి, మూత పెట్టి, గుడ్డతో పట్టి, గట్టు అంచున వంచి గంజి వారుస్తాను. కింద సత్తుగిన్నె ఉంటుంది. ముందు గంజి ధారగా పోతుంది, తరవాత దారమంత సన్నగా, తరవాత చుక్కలు. చుక్కకు చుక్కకు మధ్య ఎడం పెరుగుతూ ఉంటుంది. ఆయన పీట జరుపుకుని గిన్నె దగ్గర చెవి పెట్టేవారు. బియ్యం ఎంత పోస్తున్నానో చూస్తున్నారని నాకు అనుమానం. ఒకరోజు చుక్కలు ఆగిపోగానే గిన్నె ఎత్తేశాను. ఆయన "లా, లా!" అని నా చెయ్యి పట్టుకున్నారు. వద్దు వద్దని. గిన్నె మళ్ళీ వంచి పెట్టించారు. నిలబడ్డాం. నాకు ఒళ్ళు మండుతోంది. ఇక లేదనుకున్నాక, కూర పొయ్యి మీద నుంచి దించి వచ్చేంత సేపయ్యాక, ఒక చుక్క పడింది. ఆయన వేలు ఎత్తి చూపించారు.

"ఇది ఎవరూ వినరు" అన్నారు. "అందరూ ముందే గిన్నె ఎత్తేస్తారు."

చిన్నప్పటి నుంచి అన్నం వారుస్తున్నదాన్ని, నాకే తెలియదు. మా అమ్మకు తెలిసి ఉంటుందా? ఆ రోజు నుంచి రోజూ ఆ చుక్క కోసం నిలబడేవాళ్ళం. ఒక్కోరోజు పడేది కాదు. అప్పుడూ ఆయన సంతోషంగానే లేచేవారు.

ఆయనకు ఒక అలవాటు. ఒక రచనకు ఒకే పెన్సిలు. మధ్యలో ఇంకోటి ముట్టరు. అది పూర్తయితే మిగిలిన ముక్కను తెచ్చి నా ఖాళీ పాలపొడి డబ్బాలో వేసి, "ఖలాస్" అని, ఏలకుల టీ అడిగేవారు. పూర్తికాకుండా ముక్క డబ్బాలో పడిన రోజు లేదు. ఇక్కడ ఆరు రచనలు రాశారు, ఆరు ముక్కలు పడ్డాయి. ఏడోది స్వీడన్ వెళ్ళేరోజు పొద్దున, డబ్బాలో వెయ్యకుండా నా చేతిలో పెట్టారు. "ఖలాస్" అన్నారు. టీ తాగే టైము లేదు, బయట కారు ఆగి ఉంది. ఆ ముక్కను నేను డబ్బాలో వెయ్యలేదు. నా పెట్టెలో పెట్టుకున్నాను.

ఆయన పోయిన రెండు వారాలకు శిష్యుడు వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి, ఆయనా సంగీతం రాస్తాడట. ఆయనకు అరబ్బీ రెండు మూడు మాటలే వచ్చు, మిగతాదంతా డాక్టరమ్మ అటూ ఇటూ మార్చి చెప్పేది. గుమ్మంలో బూట్లు విప్పాడు, నాకు కూడా వంగి దణ్ణం పెట్టాడు. అంత మర్యాద ఉన్నవాళ్ళతో జాగ్రత్తగా ఉండాలి. అయ్యగారి గదిలో మూడు రోజులు కాగితాలు సర్దాడు, మధ్యలో ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, చెప్పాల్సిన మాట చెప్పాలి. అందుకే నాకు ఇంకా భయం వేసింది. ప్రేమ ఉన్నవాడు చేసే పాడుపని ఎవరూ ఆపలేరు.

నాలుగోరోజు భోజనాల బల్ల మీద కాగితాలు పరిచి, ఆఖరి రచన పూర్తి కాలేదని డాక్టరమ్మతో చెప్పాడు. అరవై మంది కలిసి వాయించేది మొదలుపెట్టి, ఒక్కొక్కరే ఆగిపోతూ, ఆఖరికి ఒక్క వాయిద్యం మిగులుతుందట. తరవాత ఎనిమిది పేజీలు గీతలు గీసి ఖాళీగా ఉన్నాయి, ఆఖరి దాంట్లో పెన్సిలు జారి పడిన మచ్చ ఒకటి తప్ప. "రాసే ఓపిక లేక వదిలేశారు. ఆ ఎనిమిది పేజీలు నేను నింపుతాను. సంతాప సభలో వాయిస్తాం. మీరు సంతకం చేస్తే చాలు" అన్నాడు. డాక్టరమ్మ కలం తీసింది.

నేను పళ్ళెం పెట్టడానికి వెళ్ళినదాన్ని. అక్కడే నిలబడి "పూర్తయింది" అన్నాను.

ఇద్దరూ నన్ను చూశారు. పెట్టెలోంచి ముక్క తెచ్చి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ మొహం మారింది. తండ్రి అలవాటు ఆమెకు తెలుసు. శిష్యుడు మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "అమ్మా, ఇక తిరిగి రానని ఆయనకు తెలిసి ఉంటుంది. గుర్తుగా నీకిచ్చి ఉంటారు. పని పూర్తయిందని కాదు."

అది కొట్టిపారేసే మాట కాదు. నాకూ ఒక రాత్రంతా ఆ అనుమానమే. అయినా అన్నాను. "మీ దగ్గర కాగితం ఉంది, నా పొయ్యి మీద అన్నం ఉంది. రండి."

వచ్చారు. డాక్టరమ్మ కాగితాలు పట్టుకుంది, ఆమె చిన్నప్పుడు పియానో నేర్చుకుందట, చదవగలదు. నేను గిన్నె వంచాను. ధార పోయింది. సన్నబడింది. చుక్కలు మొదలయ్యాయి. ఆమె పేజీ తిప్పుతోంది. ఎడం పెరిగింది. ఖాళీ పేజీలు వచ్చాయి. హాల్లో ఏసీలు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. నేను కదల్లేదు. శిష్యుడు కాసేపు చూశాడు, చేతి గడియారం చూసుకున్నాడు, జాలిగా నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఖలాస్ అమ్మా" అన్నాడు.

చుక్క పడింది.

డాక్టరమ్మ పేజీలు గబగబా తిప్పింది. ఆఖరి ఖాళీ పేజీలో, కింది గీత మీద, చిన్న నల్లచుక్క. పెన్సిలు జారి పడిన మచ్చని శిష్యుడు అంతకు ముందు అన్నది దాన్నే. ఆమె దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూసింది. చుక్కకు చిన్న కాడ ఉంది. వాళ్ళ లిపిలో అది ఒక స్వరమట. "మెల్లగా" అని పక్కన ఒక అక్షరం కూడా ఉందట, చీమ తలంత.

శిష్యుడు నా పీట మీద, కాదు, అయ్యగారి పీట మీద కూలబడ్డాడు. నేను లేవమనలేదు.

"ముప్ఫై ఏళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నాను" అన్నాడు.

"నేను మాత్రం తక్కువ తిన్నానా? నేనూ ముందే గిన్నె ఎత్తేశాను బాబూ" అన్నాను.

డాక్టరమ్మ సంతకం పెట్టలేదు. ఖాళీ పేజీలు నింపనని శిష్యుడు మాట ఇచ్చాడు. శుక్రవారం విమానం ఎక్కుతున్నాడు, కాగితాలు ఆయన సంచిలోనే వెళ్తాయి. మాట ఇచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. రేపు సభలో పెద్దలు ఏదో అంటారు, ఆఖర్న కొంచెం సంగీతం ఉంటే బాగుండేదంటారు, ఈయన మెత్తని మనిషి. అందుకే నా మాట రాయించి ఆ రచన వెనక కుట్టమని డాక్టరమ్మను అడిగాను. ఆమె స్వీడన్ భాషలోకి మార్పించి రెండూ కుడుతుంది. కుట్టింది నాకు చూపించాలి.

వాయించబోయే అరవై మందికి చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, మిమ్మల్ని నమ్మడానికి నాకు కారణం లేదు. ఖాళీ పేజీలు వచ్చినప్పుడు వాయిద్యాలు కింద పెట్టకండి. దగ్గకండి. వినడానికి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టబోతే చూపుతోనే ఆపండి. అయిపోయిందని మీకు గట్టిగా అనిపిస్తుంది, అప్పుడు కూడా ఆగండి. ఆయన అక్కడ ఉన్నారు.

ఈ పొద్దు కూడా అన్నం వార్చాను. పీట ఖాళీగా ఉంది. గిన్నె మూత అంచున చుక్క ఒకటి ఊరి, లావై, పడకుండా వేలాడుతోంది. లింగన్న ఇది రాయడం ఆపి అటే చూస్తున్నాడు.

చదివి వినిపించాడు. నేను చెప్పినట్టే ఉంది. ఇది నా ఎడమ బొటనవేలి ముద్ర. గంజి తడి ఆరకముందే వేశాను, అందుకే అంచు చెదిరింది. ఎవరూ అనుమానపడక్కర్లేదు.

సూరమ్మ వేలిముద్ర

చూసినవాళ్ళు:
లింగన్న, జగిత్యాల (రాసింది కూడా నేనే)
ఓబులమ్మ, కడప (వేలిముద్ర)
డాక్టరమ్మ, అయ్యగారి కూతురు (సంతకం)